ఓబులమ్మ కొంగున విజిల్

నేను ఒక విజిల్‌ని. ఇత్తడి ఒళ్ళు, కడుపులో బెండు గోళీ, మెడకు ఖాకీ తాడు. పుట్టింది మొరాదాబాద్ కొలిమిలోనే అయినా, నాకు నోరొచ్చింది మాత్రం గిద్దలూరు పక్క పల్లె నుంచి పటాలంలో చేరిన హవల్దార్ బాలచెన్నయ్య పెదవుల మీదే. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది?

డెబ్బై ఒకటి యుద్ధంలో పంజాబ్ సరిహద్దున పొగమంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనబడదు. మావాళ్ళు తలో దిక్కుకీ చెదిరిపోయారు. బాలచెన్నయ్య గుండె చిక్కబట్టుకొని నన్ను ఊదాడు. శత్రువుకూ వినబడుతుందని ఆయనకు తెలుసు, అయినా ఆపలేదు. నా గొంతు పట్టుకొని ఒక్కొక్కరే వచ్చేశారు, గరిటె చేతబట్టుకున్న వంటవాడితో సహా. అప్పటి నుంచీ ఆయనకో నమ్మకం కుదిరింది. నన్ను ఊదితే తనవాళ్ళెవరూ తప్పిపోరని.

ఆ నమ్మకం పింఛనుతో పాటు ఇంటికొచ్చింది. తెల్లారితే విజిల్, అన్నం వేళకు విజిల్, సినిమాకు బయల్దేరితే వీధి మలుపు మలుపుకీ విజిల్. పిల్లలు వరస కట్టేవాళ్ళు. పక్కింటి పిల్లలూ కట్టేవాళ్ళు. ఓసారి ఎవరిదో మేక కూడా వచ్చి నిలబడింది. రానిది ఒక్కతే, ఆయన భార్య ఓబులమ్మ.

"నేనేమన్నా నీ పటాలమా, విజిలేస్తే ఉరికొచ్చేదానికి? మనిషి మాదిరి పిలువు," అనేది.

మనిషి మాదిరి పిలవడమంటే ఏమిటో నాకు అంతుబట్టలేదు. ఆయనేమో "ఏమే" అంటాడు, ఆమేమో "ఏమయ్యో" అంటుంది. నలుగురు పిల్లల్ని కన్నారు గానీ, ఒకరి పేరు ఒకరు పలికిన పాపాన పోలేదు. పేరుకేమైనా ముళ్ళుంటాయా అనుకునేదాన్ని.

కృష్ణా పుష్కరాలకని ఊరంతా బస్సు కట్టుకొని విజయవాడ వెళ్ళాం. సెల్‌ఫోన్లు ఇంకా మా ఇంటి దాకా రాని కాలం. బస్సు దిగగానే ఆయన నన్ను ఊదాడు. ఊరివాళ్ళు పడీపడీ నవ్వారు. ఓబులమ్మకు తల కొట్టేసినట్టయింది. నన్ను లాక్కొని కొంగున ముడేసుకుంది.

"ఇది ఏరయ్యా, పరేడు గ్రౌండు కాదు," అంది.

కాసేపటికే జనం తోపులాటలో ఆయన అటూ, మేము ఇటూ అయిపోయాం. ఆమెకు చదువు రాదు. బస్సు ఏ మైదానంలో ఆగిందో తెలియదు. గుక్కపట్టి "ఏమయ్యో" అని అరిచింది. ఘాటు మీద మగవాళ్ళు సగం మంది వెనక్కి తిరిగారు. వాళ్ళ పెళ్ళాలు ఆమెను కొరకొరా చూశారు.

కానిస్టేబుల్ ఒకాయన దగ్గరికొచ్చాడు. "మీ ఆయన పేరు చెప్పమ్మా, మైకులో పిలిపిస్తా."

"మా పెద్దోని నాయన."

"ఇక్కడందరూ ఎవరో ఒకరి నాయనలేనమ్మా. పేరు చెప్పు."

"మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుద్ది సారూ," అంటూ ఓబులమ్మ భోరుమంది. ఆయన దొరక్కపోతే ఎట్లా అని ఒక భయం, పేరు పలికితే ఆయనకేమవుతుందో అని ఇంకో భయం. కళ్ళు తుడుచుకోబోతే ముడిలోంచి నేను ముక్కుకు తగిలాను.

ముడి విప్పి నోట పెట్టుకుంది. మొదట తుస్సుమన్నాను. రెండోసారి చూడండి, కృష్ణానది అవతలి గట్టు దాకా మోగాను. నలుమూలల నుంచీ పోలీసులు పరుగెత్తుకొచ్చారు. స్వామీజీ ఒకాయన మంత్రం మధ్యలో ఆపేశాడు. జనాన్ని చీల్చుకొని, తడి తువ్వాలుతో, నీళ్ళోడుతూ మా హవల్దార్ వచ్చి ఆమె ముందు మడమలు జోడించి సావధాన్‌లో నిలబడ్డాడు. యుద్ధంలో తడవని కళ్ళు తడిసిపోయాయి.

"ఓబులమ్మా," అన్నాడు.

ఆమె ఒక్క క్షణం బిత్తరపోయింది. "నలుగుర్లో పేరు పెట్టి పిలుస్తావా? సిగ్గు లేదంటయ్యా?" అంది గానీ, బస్సెక్కేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నేను ఆమె బీగాల గుత్తిలో ఉంటున్నాను. నా గోళీ అరిగింది, గొంతు బొంగురుపోయింది. అయినా కాఫీ కాగగానే ఆమె నన్ను ఊదుతుంది, ఆయన కర్ర టకటకలాడించుకుంటూ వచ్చేస్తాడు. ఊళ్ళో అందరూ నన్ను విజిల్ అనుకుంటారు. ఓబులమ్మ నోట పలికే ఆయన పేరు నేనే.