నా మూతికి పట్టించిన పసుపు

నేను ఒక గాజు పరికరాన్ని. ఆకుల్లోంచి సుగంధ తైలం తీయడం నా వృత్తి. కింద గాజుబుడ్డిలో నీళ్ళూ ఆకులూ మరుగుతాయి. ఆవిరితో పాటు పైకొచ్చిన వాసన నాలో చల్లబడి, నీటి మీద పలుచటి నూనెగా తేలుతుంది. నా చివరనున్న చిన్న కుళాయి తిప్పితే చుక్కలుగా దిగుతుంది. బుట్టెడు ఆకు పోసి చెంచాడు నూనె వస్తే మనుషులు పండగ చేసుకుంటారు. ఇంత ఆశపోతులకు అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో నాకిప్పటికీ తెలీదు.

మంట ముందు కూర్చుని ఒకాయన ఊపిరి ఊది నన్ను చేశాడు. మొదట ఒక అత్తరు వ్యాపారి దగ్గర నిమ్మగడ్డి ఉడికించాను. ఆయన నేనిచ్చిన నూనెలో మూడొంతులు ఇంకేదో కలిపి, అసలు సరుకని ప్రమాణం చేసి అమ్మేవాడు. ఆ దుకాణం మూతపడ్డాక విజయనగరం వైపు ఒక కాలేజీ రసాయనశాలకు చేరాను. అక్కడ నన్ను కనకరత్నానికి అప్పగించారు.

వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే. బాలింతలకు వావిలాకు నీళ్ళు పోసే ఊరు వాళ్ళది. ఆ ఆకు నూనెలో ఏమేముందో, అది ఆక్సీకరణను ఏమాత్రం అడ్డుకుంటుందో తేల్చాలని ఆమె పట్టుదల. దానికో పరీక్ష ఉంది. ఊదారంగు ద్రావణంలో నూనె వేస్తారు. ఊదా వెలిసి పసుపురంగుకు తిరిగితే నూనెలో సత్తువ ఉన్నట్టు.

దసరాకు అటెండరు సింహాద్రి ఆయుధపూజ చేశాడు. తక్కెడను, పొయ్యిని, ఆఖరికి కుంటి స్టూలును కూడా వదలకుండా పసుపు కుంకాలు పెట్టాడు. నాకైతే కుళాయి మూతి చుట్టూ దిట్టంగా పట్టించాడు. సెలవులయ్యాక కనకరత్నం నన్ను లోపలంతా శుభ్రంగా కడిగింది. పూజ చేసిన పసుపును మాత్రం ముట్టుకోలేదు. తుడిస్తే చదువుకు మంచిది కాదని భయం.

నూనె ఆ మూతి మీంచే దిగింది. పరీక్షలో ఊదా రెప్పపాటులో మాయమైంది. ఆమె గైడు భుజంగరావుగారు ఎన్నడూ లేనిది తనే టీ తెప్పించారు.

"ఈ పరీక్షలో పేరుమోసిన వాము నూనెనే మించిపోయిందమ్మా నీ వావిలి," అంటూ సెమినారుకు ఆమె పేరు పంపించారు. అక్కడ పెద్దలు మెచ్చితే ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. లేదంటే చదువు అక్కడితో ఆగినట్టే.

ఫలితం ఏదైనా మూడుసార్లు సరిచూడాలి కదా. రెండోసారి ఊదా బద్ధకంగా వెలిసింది. మూడోసారి మొండికేసి కూర్చుంది. ఆకు అదే, నీళ్ళు అవే. కనకరత్నం నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. మూతి దగ్గర పసుపు చాలావరకు కరిగిపోయి ఉంది. నూనె దిగుతూ దిగుతూ దాన్ని కరిగించుకుపోయింది, పసుపు సత్తువంతా వావిలి ఖాతాలో పడింది. ఆమె స్టూలు మీద కూలబడింది.

"ఏటమ్మా, అలగున్నావు?" అన్నాడు సింహాద్రి.

"నీ పూజ ఫలించింది బాబాయ్."

"మరి నాను సేసిన పూజంటే ఏటనుకున్నావు," అని మురిసిపోయాడు.

భుజంగరావుగారు మురవలేదు. "రేపే కదమ్మా సెమినారు. మొదటిసారి వచ్చిన అంకె చెప్పెయ్. ఎవరడుగుతారు?"

"అది వావిలిది కాదండి, పసుపుది."

"ఫెలోషిప్ పోతే ఏం చేస్తావు?"

ఆమె నా మూతి దగ్గర మిగిలిన పసుపు వైపు చూసింది. "ఆ ఆకు చెయ్యని పని చేసిందని ఎలా చెప్పనండి," అంది.

మర్నాడు నన్ను కూడా తీసుకెళ్ళి వేదిక మీద బల్లపై నిలబెట్టింది. వావిలి నూనెలో కారియోఫిలిన్ లాంటి సుగంధ ద్రవ్యాలు ఉన్నాయనీ, ఆక్సీకరణను ఆపే సత్తువ మాత్రం వాములోని థైమాల్ ముందు తక్కువేననీ చెప్పింది. హాల్లో ఆవులింతలు. తర్వాత పసుపు సంగతి చెప్పింది. అందరూ నిద్ర లేచి పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ముందు వరసలో ఒకాయన పక్కాయన చెవిలో, "మన ల్యాబులో కూడా చేస్తాం కదండీ పూజ," అన్నాడు. పక్కాయన అప్పటికే కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

ఆమె ఫెలోషిప్‌ను కాదనే ధైర్యం ఆ పూట ఎవరికీ రాలేదు.

ఇప్పుడు నా మెడ చిట్లింది, అద్దాల బీరువాలో ఉంటున్నాను. కనకరత్నం ఇక్కడే మేడమైంది. ఎవరైనా మెరిసిపోయే ఫలితం పట్టుకుని పరిగెత్తుకొస్తే, "బాగుందమ్మా. రేపు మళ్ళీ చెయ్యి," అంటుంది. ఆ పిల్లలు బయటికొచ్చి నా ముందే నిలబడి, "మంచి రిజల్టు చూస్తే ఈవిడికి జొరమొచ్చేస్తాది," అని గొణుక్కుంటారు. నాకు నవ్వొస్తుంది. గాజును కదా, చిట్లిన చోట ఇంకాస్త చిట్లుతుందని ఊరుకుంటాను.