గట్టి ఇరుసులు

జీపు కింద వెల్లకిలా పడుకుని, వెనక ఇరుసు మీద అరచెయ్యి ఆనించి, నూనె తడి ఎంతదాకా వచ్చిందో చూశాడు డ్రైవరు. ఆసుపత్రి వెనక రేకుల కొట్టంలో ఇరవై నాలుగేళ్లుగా అతని ఉదయం ఇలాగే మొదలవుతోంది. ముందు బోల్టులు, తర్వాత బ్రేకు గొట్టాలు, ఆఖరున ఇరుసులు. లేచేసరికి వీపంతా మట్టి, మోచేతులకు మసి. అతని చొక్కాలను భార్య విడిగా నానబెడుతుంది. "మా ఆయనకు వచ్చినవి రెండే పనులు, ఎక్కడం, దిగడం" అని ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. వారానికి మూడుసార్లు నర్సునూ మందుల పెట్టెలనూ కొండ మీది ఊరికి ఎక్కిస్తాడు, అక్కడి రోగులను దించుతాడు. ఆ దారి ఎక్కగల బండి చుట్టుపక్కల అదొక్కటే.

సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. చదువు మాన్పించినప్పుడూ, పెళ్లి కుదిర్చినప్పుడూ, చివరికి ఇంటి తలుపులకు రంగు వేయించేటప్పుడూ అతను అన్నది ఒకటే మాట: "మీ ఇష్టం."

ఆ రోజు కొండకు వెళ్లే పని లేదు. రాళ్లకు తట్టుకుంటాయని రెండేళ్ల కిందట పెద్ద టైర్లు వేయించారు. టైర్లయితే తట్టుకున్నాయి గాని, ఆ బరువంతా ఇరుసుల మీద పడింది. క్లచ్చి వదిలినప్పుడల్లా వెనక నుంచి టక్కుమని చప్పుడు. ఓసారి చూపించుకు రమ్మని డాక్టరు చెబితే బండిని షెడ్డుకు తీసుకెళ్లాడు.

మెకానిక్ ఇరుసు కడ్డీని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, ఎండలో పట్టి చూపించాడు. దాని కొసనున్న పళ్లు పిండిన బట్టలా మెలితిరిగి ఉన్నాయి.

"ఇలాంటిదే పాతదొకటి ఉంది, డ్రైవరన్నా. వేసేస్తే మధ్యాహ్నానికి బండి తీసుకుపోవచ్చు. ఎన్నాళ్లు ఆగుతుందని మాత్రం నన్నడక్కు. లేదంటే పెద్ద బండివి రెండు యాక్సిల్స్ ఉన్నాయి. అవి బిగిస్తే నువ్వు రిటైరయ్యేదాకా తిరిగి చూడక్కర్లేదు. కాకపోతే ఇరుసును పట్టి ఉంచే పాత పట్టీలు కోసేయాలి, కొత్తవి అతకాలి. పది రోజులు బండి కదలదు."

డ్రైవరు డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ ఎవరికో చీటీ రాస్తూనే విన్నది. "నడిపేది మీరు. మీరేదంటే అదే చేయిద్దాం" అని పెట్టేసింది.

అతను ఫోను చేతిలో పట్టుకుని పాత టైరు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు.

ఆరేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. పసిపిల్లనెత్తుకున్న తల్లిని కొండ మీద దింపడానికి వెళుతుంటే మూడో మలుపులో ఇరుసు విరిగింది. బ్రేకు పట్టలేదు. బండి వెనక్కి జారడం మొదలెట్టింది. దారిలో రాళ్లు ఏరే ముసలాయన ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడో, ఓ బండరాయి తెచ్చి చక్రం కింద తోశాడు. అప్పట్నుంచి ఆయన డ్రైవర్ని "అల్లుడూ" అనే పిలుస్తాడు. కూతురే లేదు కదా మామా, నేనెలా అల్లుణ్ణయ్యానని ఓసారి అడిగితే, "ఉంటే నీకే ఇచ్చేవాణ్ణిలే, లేకపోవడం నీ అదృష్టం" అన్నాడు.

డ్రైవరు లెక్కలు వేసుకున్నాడు. వానలకు ఇంకా టైముంది. కొండ మీద నెలలు నిండుతున్న వాళ్లెవరూ లేరని నర్సు మొన్ననే చెప్పింది. పది రోజులంటే ఎంతలో గడిచిపోతాయి? వెనక్కి జారిన ఆ నాలుగు గజాలు మాత్రం ఇప్పటికీ కాళ్లలో ఉన్నాయి.

"పెద్దవే వెయ్యి" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మధ్యాహ్నానికల్లా పట్టీలు కోసేశారు. చక్రాలు లేని జీపు నాలుగు స్టాండ్ల మీద నిలబడింది. భార్యకు ఫోన్ చేసి, డాక్టరమ్మ నన్నే అడిగిందని చెప్పాడు. మరి నువ్వే చెప్పావా అని ఆవిడ రెండుసార్లు అడిగింది.

రెండు గంటలకు ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. రాళ్లు ఏరే ముసలాయన గుండె పట్టుకుని దారిలోనే కూలబడ్డాడట, ఒళ్లంతా చెమటలట. "బండి..." అని, అంతలో గుర్తొచ్చి ఆగిపోయింది.

డ్రైవరు మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ నేల మీది కోసిన పట్టీల వైపు చూశాడు. తర్వాత తనే ఓ ట్రాక్టరు యజమానికి ఫోన్ చేశాడు. ట్రాక్టరు పొరుగూరు వెళ్లిందన్నారు. డ్రైవరు మెకానిక్ మోటారుసైకిల్ తీసుకుని కొండ మొదలుదాకా పోయి, రాళ్లలో అది పనికిరాక అక్కడే వదిలేసి ఎక్కడం మొదలుపెట్టాడు.

ఇరవై నాలుగేళ్లలో ఆ దారిని అతనెప్పుడూ కాళ్లతో ఎక్కలేదు. ఒక్క గేరులో దాటేసే ఎత్తుకు పావుగంట పట్టింది. రొప్పుతూ, మోకాళ్లు పట్టుకుంటూ మూడో మలుపు చేరేసరికి వాళ్లు ఎదురొచ్చారు. ఓ కుర్చీకి రెండు కర్రలు కట్టి, నలుగురు మనుషులు ముసలాయన్ని మోసుకొస్తున్నారు. భుజాలు మార్చుకోవడానికి కిందికి దించారు. ఆయన మొహం బూడిద రంగులో ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"బండేది, అల్లుడూ?"

"షెడ్డులో ఉంది, మామా. యాక్సిల్స్ మారుస్తున్నారు."

ముసలాయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మంచిది. గట్టివి వేయించు."

డ్రైవరు ముందు కర్ర ఒకటి భుజానికెత్తుకున్నాడు. కాళ్ల కింద రాళ్లు తప్ప మరేదీ చూడకుండా దిగాడు. చదునుకు వచ్చాక, వెనక మోస్తున్న మనిషి ఇక దించమన్నాడు. ముసలాయన ప్రాణం రెండో మలుపులోనే పోయిందని ఆ మనిషికి తెలుసు. దిగేదాకా చెప్పలేదు.

అయినా ఆసుపత్రిదాకా మోశారు. డాక్టరు చూసి, కాగితం మీద సమయం రాసింది. వరండాలోకి వచ్చి, "మీరు చెప్పింది సరైనదే. పాతది వేస్తే ఇంకెప్పుడో ఇంకెవరో పోయేవాళ్లు" అంది.

"అవునండీ" అన్నాడు డ్రైవరు. పాతది వేసి ఉంటే బండి మధ్యాహ్నానికి సిద్ధమయ్యేది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

మెకానిక్ ఫోన్ చేశాడు. పని ఆపమంటావా అని అడిగాడు. కానివ్వమన్నాడు డ్రైవరు.

పొద్దుండగానే కొండకు బయల్దేరాలని ఆ నలుగురూ లేచారు. శవాన్ని ఆసుపత్రి స్ట్రెచరు మీదికి మార్చి, దుప్పటి కప్పి, తాళ్లు బిగించారు. డ్రైవరు చెప్పులు విప్పి గోడవారన పెట్టి, వెనక కొస పట్టుకున్నాడు. ఈసారి ఎవరికీ తొందర లేదు. వాళ్లు గేటు దాటి వెళ్లిపోయాక వరండాలో కుర్చీ ఒక్కటే మిగిలింది. దానికి రెండు కర్రలూ ఇంకా కట్టే ఉన్నాయి.