కిర్రు చెప్పులు

రంగస్వామి చెప్పులు వేసుకోడన్న సంగతి జొన్నదొడ్డిలో తెలియనివాళ్లు లేరు. చెరువుకు కాలువ నీళ్లివ్వాలని ఊరు ఊరంతా రోడ్డు మీద పడుకున్న మొదటి ధర్నాలో, మైకు పట్టుకుని ఒట్టు పెట్టాడు. "మా చెరువు మరవ పారేదాకా నేను చెప్పులెయ్యను!" మరవ అంటే చెరువు నిండినాక నీళ్లు పొర్లిపోయే రాతికట్టు. అది పారగా చూసినవాళ్లు ఆ ఊళ్లో ముసలివాళ్లు తప్ప లేరు. అప్పటికి అంగన్‌వాడీలో ఉన్న ఆయన కూతురు ఇప్పుడు కర్నూలులో నర్సింగు చదువుతోంది. ఆయన కాళ్లు మాత్రం ఎండకు నెర్రెలిచ్చిన రేగడి మాదిరే ఉన్నాయి.

ఆ కాళ్ల ఫోటో పేపర్లో కూడా పడింది. పడినప్పటి నుంచి రంగస్వామికి తన కాళ్ల మీద తనకే మోజు పుట్టింది. పెళ్లికి పోతే కాళ్లు ముందుకు చాపి కూర్చునేవాడు. నలుగురి కళ్లు పడేదాకా కదిలించేవాడు కాదు. పోరాడేవాడికి ఇదొక జబ్బు. ఎందుకు మొదలుపెట్టాడో మరిచిపోతాడు, తనను తాను మాత్రం మరిచిపోడు.

చెరువుకు నీళ్లయితే వచ్చాయి. శ్రీశైలం నుంచి మోటార్లతో ఎత్తిపోసిన నీళ్లు పెద్ద కాలువలో పడి, అక్కడి నుంచి పిల్లకాలువ గుండా జొన్నదొడ్డి చెరువులో దిగాయి. అంతకుముందే ఊరి జనం చందాలేసుకుని పూడిక తీశారు. డీజిలుకు దుడ్లు అయిపోయి, తీసిన మట్టి కొంత చెరువు నడుమే మిగిలిపోయింది. ఆ కుప్పే దిబ్బ అయింది. దిబ్బ మీద గడ్డి మొలిచింది, చుట్టూ జమ్ము పెరిగింది. ఎవరూ పిలవకుండానే బాతులు, బొల్లికోళ్లు, మునుగుడు కోళ్లు, ఇట్లా నీటిపిట్టలన్నీ వచ్చి చేరాయి. చెరువు అంచున బురదలో కొంగలు దిగాయి. ఎండిన చెరువును చూసీ చూసీ విసిగిన జనానికి అదొక జాతర అయింది.

ఈ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి. కార్తీకం వచ్చేసరికి నీళ్లు మరవ రాయికి జానెడు కిందికి వచ్చి నిలబడ్డాయి. రంగస్వామి పొద్దున లేచి కట్ట మీదికి పోయి ఆ జానెడు రాయిని చూసి వచ్చేవాడు. సాయంత్రం మళ్లీ పోయి చూసేవాడు.

అట్లా చూస్తున్న ఒక సాయంత్రం రామేశ్వరమ్మ వచ్చింది. ధర్నాలో బస్సు చక్రాల కింద ఆయన పక్కనే పడుకున్న మనిషి. బస్సు హారను కన్నా ఆమె గొంతు పెద్దదని పోలీసులే అనేవాళ్లు. చాపలు అల్లుకుని బతుకుతుంది. జమ్ము కోయడానికి లారీ ట్యూబు మీద చెరువులోకి పోతుంది.

"రంగప్పా, ఆ రాయిని అట్ల సూస్తాండావే, పెండ్లికూతురా అది?"

"అంతకన్నా ఎక్కువే అక్కా. జానెడే. కాలువ నీళ్లు దిగే తూము రోంత ఎత్తిస్తే పారుతాది."

"అదే చెప్పను వచ్చినా. ఎత్తించొద్దు. దిబ్బ మీద బాతులు గుడ్లు పెట్టినాయి. ఆ జానెడు పెరిగితే అన్నీ మునుగుతాయి."

రంగస్వామి నవ్వాడు. "అక్కా, నీళ్ల కోసం లాఠీ దెబ్బలు తింటిమి. ఇప్పుడు బాతులు వద్దంటాండాయని నీళ్లు వద్దనేదా?"

"వద్దనమంటాండానా? కార్తీకం పోయేదాకా ఆగమంటాండా. పిల్లలు నీళ్లలోకి దిగినంక నువ్వు ఆకాశం దాకా నింపుకో. మడికీ చేనుకూ ఇప్పుడు చాలినన్ని ఉండాయి గదా. ఇంగ తక్కువైంది యాడ?"

ఆమె చెప్పి ఊరుకోలేదు, మరుసటి రోజు ట్యూబు మీద ఎక్కించుకుని దిబ్బకు తీసుకుపోయింది. గడ్డిలో ఒక గుంట. గుంట నిండా తల్లి తన రొమ్ము నుంచి పీక్కున్న మెత్తటి ఈకలు. ఈకల మధ్య పాలిపోయిన గుడ్లు. కాలు అక్కడ పడబోయేదాకా కదలని బాతు ఉన్నట్టుండి లేచింది. ముక్కు కొసన పసుపు చుక్క ఉన్న బాతు. ఎగిరిపోలేదు. రెక్క విరిగినట్టు ఒక పక్కకు ఒరిగి, నీళ్ల మీద కొట్టుకుంటూ, అరుచుకుంటూ, దూరంగా పోతోంది. నన్ను పట్టుకోండి, ఇటు రండి అన్నట్టు.

"ఓయమ్మ! మన ధర్నాల్లో సొమ్మసిల్లినట్ల పడేటోళ్ల కన్నా బాగా చేస్తాండాదే!" అని రంగస్వామి పడీపడీ నవ్వాడు.

"నవ్వొద్దప్పా. మనం చేసేది మైకు ముందర. అది చేసేది పిల్లల కోసం."

ఆ మాటకు నవ్వు ఆగింది. ట్యూబు మీద తిరిగి వస్తూ ఆయనే అన్నాడు. "సరే అక్కా. కార్తీకం పోయేదాకా తూము ముట్టను. మాట."

"మాటేనా?"

"మాటే."

వారం తిరగకుండానే కాలువ లస్కరు దాసన్న కబురు తెచ్చాడు. తూములు తిప్పే పిడులూ తాళాలూ అతని దగ్గరే ఉంటాయి. "రంగన్నా, వచ్చే బుధవారం నుంచి కాలువ కట్టేస్తారంట. ఏందో మరమ్మతు. ఇంగ ఈ ఏడు నీళ్లు లేవు. పారించుకుంటావంటే ఇప్పుడే పారించుకోవాల."

రంగస్వామికి ఆ దినమంతా కాలు ఒకచోట నిలవలేదు. మరవ పారకపోతే ఇంకో ఏడు. ఇంకో ఏడు వానలు వస్తాయో రావో. ఊళ్లో కుర్రాళ్లు అప్పటికే కార్తీక సోమవారం పండగ చేద్దామని డప్పులు మాట్లాడేశారు. చెప్పులు కుట్టే లాజరు ఆయన కోసం కిర్రు చెప్పులు చేసి, నూనె పెట్టి, గుడ్డలో చుట్టి ఉంచాడు. ఒట్టు పెట్టింది ఊరందరి ముందర. బాతుల గురించి మాటిచ్చింది రామేశ్వరమ్మకు, అదీ చెరువు నడుమ, వినేవాళ్లు ఎవరూ లేనిచోట. ఆయన లెక్క అక్కడే తప్పింది. పదిమంది విన్నదే మాట, ఒక్కరు విన్నది మాట కాదు అనుకున్నాడు.

ఇంకోటి కూడా ఉంది. నీళ్లు ఎక్కువవుతాయి, నీళ్లతో చెడు జరుగుతుంది అంటే ఆ నేలలో పుట్టినవాడికి గొంతు దిగదు. బిందె కోసం కొట్లాడిన చోట, ట్యాంకరు వెనక పరిగెత్తిన చోట, నీళ్లు చాలు అన్న మాట నోట్లో పుట్టనే పుట్టదు. రంగస్వామి ఆ సాకు వెనక దాక్కున్నాడు. బాతులదేముంది, మళ్లీ పెడతాయి అనుకున్నాడు. పంటకు అక్కర లేదు, పశువులకు అక్కర లేదు. ఆ జానెడు నీళ్లు ఆయన కాళ్లకు కావాలి, అంతే.

"ఎత్తు దాసన్నా," అన్నాడు. "పూర్తిగా ఎత్తు."

సోమవారం పొద్దెక్కేసరికి మరవ పారింది. రాతికట్టు మీద పలచగా, అద్దం పరిచినట్టు నీళ్లు జారుతుంటే ఊరంతా అక్కడే ఉంది. ముసలివాళ్లు ఏడ్చారు. డప్పులు మోగాయి. ఆడవాళ్లు గంగమ్మకు పసుపు, కుంకుమ, కొత్త చీర తెచ్చారు. రంగస్వామి పెళ్లాం సుంకమ్మ హారతి పట్టింది. రంగస్వామిని మరవ కింద గులకరాళ్ల మీద నిలబెట్టి, నీళ్లు ఆయన పాదాల మీద పారుతుంటే ఫోటోలు తీశారు.

"చెప్పులు! చెప్పులు!" అని కుర్రాళ్లు అరుస్తున్నారు.

అప్పుడు వచ్చింది మొదటి గుడ్డు. బంతిపూలతో పాటు, కర్పూరం వెలిగించిన ఆకుతో పాటు, రాతికట్టు మీద నుంచి జారి ఆయన కాలి మడమకు తగిలి ఆగింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక తడిసి ముద్దయిన ఈకల ఉండ. తరవాత గడ్డితో అల్లిన గూడు సగం, దానికి అంటుకుని ఒక గుడ్డు.

సుంకమ్మ వంగి ఒకటి తీసింది. "యాడివో ఇవి? బాతుగుడ్లు మాదిరుండాయే!" కోళ్లు పెంచే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని, మొగుడి వైపు తిరిగింది. "తేలుతాండాయి సూడు. పిల్ల అయిపొయ్యింటాది లోపల. అయ్యో, రేపోమాపో పగిలేవి."

ఆ సంగతి రంగస్వామికి ఒకరు చెప్పాలా? పొదగేసిన గుడ్లను ఆయన ఇంట్లోనే చెంబు నీళ్లలో వేసి చూస్తారు. కొత్తది మునుగుతుంది. పిల్ల తయారైంది తేలుతుంది. కార్తీకం పోయేదాకా కూడా అక్కర లేదు. ఇంకో నాలుగు పొద్దులు ఆగి ఉంటే చాలు.

తల ఎత్తాడు. మరవకు అవతలి గట్టు మీద రామేశ్వరమ్మ నిలబడి ఉంది. అరుస్తుందేమో అనుకున్నాడు. అరవాలని కోరుకున్నాడు. బస్సు హారను కన్నా పెద్ద గొంతు కదా, ఊరంతా వినేటట్టు తిడితే ఆ తిట్లు తిని తల దించుకోవచ్చు. ఆమె ఒక్క మాట అనలేదు. చూస్తూ ఉంది.

కుర్రాళ్లు ఆయన్ను రాయి మీద కూర్చోబెట్టి, కాళ్లు తుడిచి, లాజరు చెప్పులు తొడిగేశారు. ఈలలు వేశారు. లేచి అడుగు వేస్తే కిర్రుమంది. ఇంకో అడుగు, ఇంకో కిర్రు. ఒకప్పుడు పెద్ద రైతులు అట్లాంటి చెప్పులతో వస్తుంటే వీధి చివర నుంచే వినపడేది. ఆ చప్పుడుతోనే మరవ దాటి రామేశ్వరమ్మ దగ్గరికి పోయాడు.

"బాగుండాయప్పా చెప్పులు," అంది ఆమె.

"అక్కా..." అని వంగి చెప్పు విప్పబోయాడు.

"ఇప్పొద్దు."

"అక్కా, నేను..."

"ఇప్పొద్దంటాండా. ఇప్పితే ఊరంతా మళ్ల నిన్నే సూస్తాది. రంగన్న మళ్ల ఒట్టు పట్టినాడని ఇంగో ఫోటో తీస్తారు. ఏసుకొనే తిరుగు."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"దిబ్బ నెత్తిన ఇంగా రోంత ఎండుగుండాది," అంది ఆమె, గొంతు ఇంకా తగ్గించి. "ఆడ రెండు మూడు గూళ్లు మిగిలిండాయి. ఇంగో నాలుగు వేళ్ల మందం నీళ్లు పెరిగితే అవీ పోతాయి. చేతనైతే పోయి తూము దించు."

తూము దగ్గరికి రంగస్వామి పోతుంటే జనం వెంబడించారు. ఇంకేదో పూజ చేస్తాడనుకున్నారు. దాసన్న తూము మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"దించు దాసన్నా."

"ఏంది దించేది?"

"తూము. చాలు నీళ్లు."

దాసన్న పగలబడి నవ్వాడు. వెనక ఉన్న జనం కూడా నవ్వారు. "నువ్వా అంటాండేది? రంగన్నా, పొద్దన్నే ఏమన్నా తాగినావా?"

రంగస్వామి నవ్వలేదని చూసినాక నవ్వు ఆగింది. వెనక నుంచి ఎవడో అన్నాడు. "ఇన్నేండ్లు నీళ్లు నీళ్లని సంపి, ఇప్పుడు కట్టేయమంటాండాడు. కింది ఊరోళ్లు దుడ్లిచ్చినారేమప్పా?"

అక్కడ చెప్పాలి. నేను మాటిచ్చి తప్పాను, దిబ్బ మీద పిల్లలను నా కాళ్ల కోసం ముంచాను అని చెప్పాలి. పోలీసు స్టేషన్లో ఎస్సైని నిలదీసిన నోరు, కలెక్టరాఫీసు గేటు ముందు పొద్దుగూకేదాకా ఆగని నోరు. అది తెరుచుకుంది. వచ్చింది ఏమిటంటే ఇది.

"కట్ట దక్షిణం తట్టు మెత్తగుండాది. ఇంగ పెరిగితే గండి పడుతాది. మీకు తెల్దు, గమ్మునుండండి."

జనం ముఖాలు మారిపోయాయి. "అవునప్పా!" అన్నారు. "పండగలో పడి మనమెవరమూ సూడలే. రంగన్న సూసినాడు." దుడ్ల మాట అన్నవాడే ముందుకొచ్చి చేతులు పట్టుకున్నాడు. దాసన్న బీడీ పారేసి తూము దించాడు. ఊళ్లో ఆ సాయంత్రం రంగస్వామి ముందుచూపు గురించి తప్ప ఇంకో మాట లేదు.

కట్ట గట్టిగానే ఉంది. ఎక్కడా మెత్తగా లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, గుంపు వెనక నిలబడి విన్న రామేశ్వరమ్మకూ తెలుసు.

తెల్లవారి ఆమె ట్యూబు నీళ్లలోకి తోస్తుంటే రంగస్వామి కట్ట మీదికి వచ్చాడు. కిర్రు, కిర్రు.

"అక్కా, ఊరికి చెప్తా. ఉన్నదున్నట్ల చెప్తా."

"చెప్పు," అంది ఆమె, వెనక్కి తిరగకుండా. "ఎప్పుడు?"

ఆయన కళ్లు దిబ్బ వైపు తిప్పాడు.

"దిబ్బ మీద ఏమన్నా మిగిలినాయా? నేనూ వస్తా, సూస్తా."

రామేశ్వరమ్మ ట్యూబు ఎక్కి కూర్చుంది. జమ్ము వైపు చూసింది. అక్కడ గడ్డిలో ఏదో కదిలి ఆగింది.

"నువ్వు రావొద్దు. కిర్రుమని సప్పుడొస్తాంది. తల్లి బెదిరి గూడు ఇడిసిపోతాది. ఆడనే నిలబడు."

ఆమె చేతులతో నీళ్లు తోసుకుంటూ పోయింది. రంగస్వామి కట్ట మీద నిలబడ్డాడు. ఒక కాలు కదిలితే చప్పుడు. బరువు ఆ కాలి మీది నుంచి ఈ కాలి మీదికి మార్చినా చప్పుడు. చెప్పులు విప్పడానికి లేదు, నడవడానికి లేదు. దారిన పోయేవాళ్లు "ఏం రంగన్నా, కట్ట సూస్తాండావా?" అని మెచ్చుకుంటూ పోతున్నారు. ఆయన ఊ అనలేదు, తల తిప్పలేదు. ఊపిరి బిగబట్టి, రెండు కాళ్లూ నేలకు అదిమిపెట్టి, దిబ్బ వైపు చూస్తూ అట్లే నిలబడి ఉన్నాడు.