గర్భసంచి తిప్పే అవ్వ

మా తేయాకు కొండల్లో తుమీరా అవ్వ మాటంటే మాటే. బాలింతల ఒళ్ళు పట్టాలన్నా, బెణికిన నడుం సరిచేయాలన్నా ఆమే రావాలి. ఇక పిల్లలు చాలనుకున్నవాళ్ళకు గర్భసంచి తిప్పుతుంది. పొత్తికడుపుకు నూనె రాసి, బొటనవేళ్ళతో నొక్కి, లోపలి సంచిని వెనక్కి మళ్ళిస్తుందట. అలా మళ్ళితే ఇక కడుపు రాదని మా జావా పల్లెల్లో ముత్తవ్వల నాటి నమ్మకం. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. నెలనెలా చంటిపిల్లల బరువులు చూసే ఆరోగ్య కార్యకర్తను నేను. అవ్వ తిప్పుళ్ళ తర్వాత పుట్టినవాళ్ళను తూకం వేసింది నేనే కదా!

పోయిన ఏడు నా బెంగంతా గియార్తి గురించే. ఆకు కోసే పిల్ల. మూడో కాన్పులో బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, మూడు రోజులు కళ్ళు తెరవలేదు. మరో కాన్పు వస్తే ప్రాణానికే ముప్పని పట్నం డాక్టరు తేల్చి చెప్పాడు. మాత్రలు, సూదిమందులు ఆమె బీపీకి సరిపడవని మా నర్సమ్మ రెస్పతి చెప్పింది. నిరోధ్ మాట ఎత్తితే మొగుడు కస్మో చొక్కా తగిలించుకుని బయటికి పోతాడు, మహానుభావుడు! ఆపరేషన్ అంటే ఈమెకే వణుకు. ఇక మిగిలింది కాపర్-టీ. దానికీ భయపడి, చివరికి అవ్వ దగ్గర కడుపు తిప్పించుకోవడానికి బయలుదేరింది.

సంగతి తెలిసి నర్సమ్మను వెంటబెట్టుకుని పరుగెత్తాను. వెళ్ళేసరికి గియార్తి చాప మీద పడుకుని ఉంది. అవ్వ అరచేతిలో నూనె పోసుకుంటోంది.

"ఆపవ్వా! ఈ పిల్ల మళ్ళీ నెల తప్పితే గొయ్యి నువ్వు తవ్విస్తావా?" గుమ్మంలోంచే అరిచాను.

"గొంతు తగ్గించవే జుమీనా. నీ అరుపులకి లేని నొప్పులు కూడా వచ్చేలా ఉన్నాయి" అంది అవ్వ.

నేనింకా అందుకునేదాన్నే. రెస్పతి నా మోచెయ్యి పట్టి ఆపింది. ఆమె వెళ్ళి చాప పక్కన నేల మీద కూర్చుంది. సంచిలోంచి గుడ్డతో కుట్టిన గర్భసంచి బొమ్మనూ, ఒక కాపర్-టీనీ తీసి అవ్వ ముందు పెట్టింది.

"మీ చేతులు ఎన్ని కడుపులు చూశాయో, అవ్వా! ఇదీ ఒకసారి చూడండి."

అవ్వ చెయ్యి తుడుచుకుని కాపర్-టీని అటూ ఇటూ తిప్పింది. "ఇంతేనా? చీపురుపుల్లంత లేదు. ఈ దారాలెందుకు?"

"తీసేటప్పుడు పట్టుకోవడానికి. వద్దనుకున్న రోజున తీసేస్తాం. లేదంటే పదేళ్ళు పనిచేస్తుంది."

"మందేమైనా పూశారా?"

"లేదవ్వా. ఉత్త రాగి తీగ. బీపీ జోలికి పోదు. మొదటి నెలల్లో మాత్రం రక్తం ఎక్కువ పోతుంది, నొప్పీ ఉంటుంది. అది దాచను."

గియార్తి లేచి కూర్చుంది. "గుండెకి ఎక్కేస్తుందట కదా! ఆకు తూకం కాడ అందరూ అదే మాట."

"కొండ ఎక్కడానికి అదేమన్నా బస్సా?" అంది అవ్వ. బొమ్మను బొటనవేళ్ళతో నాలుగు పక్కలా తడిమింది. "ఇక్కణ్ణుంచి గుండెకి దారేదే, పిచ్చిమొహమా?"

"ఏమో అవ్వా. నాకవన్నీ తెలీవు. నువ్వు తిప్పితే నాకు ధైర్యం."

అవ్వ బొమ్మను కింద పెట్టింది.

"నా కూతురు రుమీ ఎలా పోయిందో తెలుసా నీకు?"

"నాలుగో కాన్పులో కదా?"

"ఆ కాన్పు రాకూడదని దాని కడుపు తిప్పింది నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు. అయినా వచ్చింది. బరువులెత్తింది, అందుకే సంచి మళ్ళీ తిరిగిపోయిందని ఊరంతా చెప్పాను. చచ్చిపోయిన కూతురి మీద నింద వేశానే! తిప్పితే ఏమీ ఆగదు, గియార్తీ. నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు."

పోట్లాడటానికి వెళ్ళినదాన్ని నేను. తన కూటికుండను తనే పగలగొట్టుకుంటున్న ఆ ముసలామెకు మనసులోనే దండం పెట్టాను. గియార్తి ఏడుస్తోంది. అవ్వ ఆమె జుట్టు ముడివేసి, "లే, నేనూ వస్తాను" అంది.

ఆరోగ్య కేంద్రంలో రెస్పతి గియార్తిని రెండుసార్లు అడిగింది, తన ఇష్టంతోనే వచ్చిందా అని. రెండుసార్లూ ఆమె గట్టిగా అవునంది. అవ్వ చెయ్యి పట్టుకుని పడుకుంది. ఒకసారి మూలిగింది. పది నిమిషాల్లో అయిపోయింది.

"ఇంతేనా?" అంది గియార్తి, కళ్ళు తుడుచుకుంటూ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రెస్పతి చేతులు కడుక్కుంటుంటే అవ్వ మెల్లగా అడిగింది. "ఇది మా రుమీ రోజుల్లో ఉండేదామ్మా?"

అబద్ధం చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. కానీ రెస్పతి వెనక్కి తిరిగి అవ్వ కళ్ళలోకి చూసింది.

"ఉండేది, అవ్వా. ఈ గదిలోనే వేసేవాళ్ళు."

అవ్వ తలూపింది. "అది వేయించుకుంటానని రుమీ అడిగింది కూడా. నేనే పంపలేదు."

అవ్వ పైగుడ్డ సర్దుకుని లేచింది.

"రేపు పొద్దున ఇద్దరు కడుపు తిప్పించుకోవడానికి వస్తామన్నారు. ఇక్కడికే తీసుకొస్తాను. ఎక్కడికీ పోకమ్మా."