పీత అడుగులు

సినివా కొబ్బరి ఈనెను పళ్ల మధ్య పెట్టి వంచుతోంది. విరిగితే పారేయాలి, వంగితే కుట్టాలి. నలభై ఏళ్లుగా ఇదే పని. మొగలాకుల చాప ముక్క మీద ఈనెలతో కుట్టిన అచ్చును నారబట్ట కింద పెట్టి, ఆడవాళ్లంతా వరుసగా కూర్చుని పైనుంచి రంగుతో రుద్దుతారు. బట్టను ఊరంతా మెచ్చుకుంటుంది. కింద నలిగే అచ్చును ఎవరు కుట్టారని కొలొవాయి ఊళ్లో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

పొట్టి మనిషి, వేళ్ల చివర్లు కాయలు కాసిపోయాయి. ఇన్నాళ్లూ కుట్టినవన్నీ అమ్మమ్మల నాటి నమూనాలే. ఈ ఏడు మాత్రం ఆమెకొక పిచ్చి పట్టుకుంది. సముద్రం వెనక్కి తగ్గాక బురదలో పీతలు గీసే గీతలు! ఎక్కడికి పోతాయి, మళ్లీ ఎందుకొస్తాయి? వంగి వంగి చూసేది. గుండె ఇక ఎన్నాళ్లో కొట్టుకోదని డాక్టరు చెప్పిన మాట ఎవరికీ చెప్పలేదు. రేపు ఉదయమే బట్ట రుద్దడానికి ఆడవాళ్లు వస్తారు. ఆలోగా తనదంటూ ఒక్క అచ్చు పూర్తవ్వాలి.

మేనకోడలు లోసా వచ్చి చూసి నవ్వింది.

"అయ్యో అత్తా! ఈనె మీద ఈనె ఎక్కించావేంటి? రుద్దితే అక్కడ బట్ట చిరగదూ? అలా ఎక్కించకూడదని నాకు మొదట నేర్పింది నువ్వేగా!"

"పీతలు ఒకదాని దారికి ఇంకోటి అడ్డంగా పోతాయే. నేనేం చెయ్యను?"

"అయితే రేపు పీతల్నే పిలిచి రుద్దించు."

సినివాకు సిగ్గేసింది. మళ్లీ బురద దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. దారులు కలిసినట్టు కనిపించే చోట నిజానికి కలవలేదు. రెండో పీత అక్కడ కాలెత్తి దాటింది. మధ్యలో గోరంత ఖాళీ.

"అదా సంగతి!" అని పైకే అనేసింది.

ఇంటికొచ్చి, దారులు కలిసే ప్రతిచోటా ఈనెను గోరంత తుంచి మళ్లీ కుట్టింది. సాయంత్రం చర్చి గంట మోగేసరికి ఒక్క మూల మిగిలింది. లోసా ఉడికించిన కర్రపెండలం తెచ్చేటప్పటికి ఆమె గోడకు ఆనుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

మర్నాడు ఆడవాళ్లు వచ్చారు. ఇప్పుడు పాతిపెట్టే ముందు ఆమెను పడుకోబెట్టేది వాళ్లు రుద్దబోయే ఆ బట్ట మీదే. మిగిలిన మూల కుట్టేద్దామని ఒకావిడ సూది అందుకోబోతే లోసా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పిన్నీ. మా అత్త ఆగినచోటే ఆగనీ."

అచ్చును జరుపుకుంటూ రుద్దారు. బట్ట పొడవునా పీతల దారులు, మళ్లీ మళ్లీ అదే ఖాళీ మూల. ఎక్కడా చిరగలేదు.

"ఈ అచ్చు ఎవరు కుట్టారమ్మా?" అని పక్క ఊరి ముసలావిడ అడిగింది.

లోసా ఏడుస్తూనే పేరు చెప్పింది.

తడి ఆరని అచ్చును గోడకు ఆనించారు. దాని మూల నుంచి సూది ఇంకా దారానికి వేలాడుతోంది.