రుమాలు కింద మల్లవ్వ మాట

ఆదివారం గంజ్ మార్కెట్టు మూతపడ్డాక, మధ్యాహ్నం పూట, చెన్నబసప్ప అడ్తి కమీషన్ దుకాణం మీది మేడ గదిలో మల్లవ్వకు ప్రాణం వచ్చేది. దసరా నుంచీ అదే వరుస. వంటింట్లో గిన్నెలు బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ భాగీరథి మేడెక్కేది. గుల్బర్గాలో బీయే చదివి ఆ ఇంటికి పెద్ద కోడలై వచ్చింది. వారమంతా ఎవరి కంచంలో ఏం తక్కువైందో చూసే మనిషి, ఆ రెండు గంటలూ గుర్రమెక్కి కత్తి పట్టిన మల్లవ్వ.

ఆట తెచ్చింది మరిది విరూపాక్ష. బొంబాయిలో ఇంజనీరింగు చదివి, ఊళ్లో కొత్తగా పెట్టిన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చినప్పుడు, బట్టల మధ్య పెట్టుకుని ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అందులో నాలుగు ముఖాల పాచికలు, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి. కథ అతను చెబుతాడు. ఆడేవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, తామేం చేస్తారో చెప్పాలి. చేయగలిగారా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. కోటలుంటాయి, రాక్షసులుంటారు, మంత్రాలు పారుతాయి. పక్క వాటాలో అద్దెకుండే బ్యాంకు గుమాస్తా మదన్‌మోహన్ అందులో దొంగ. అత్తగారు గంగమ్మ ఆడదు. చేటలో కందిపప్పు ఏరుకుంటూ అందరినీ తిడుతుంది.

ఆటలోకి దిగే ముందు ప్రతి మనిషికీ గుణం రాసుకోవాలి. ఇచ్చిన మాటకూ పద్ధతికీ కట్టుబడేవాడా, తన ఇష్టం వచ్చినట్టు పోయేవాడా అన్నది ఒక లెక్క. మంచివాడా చెడ్డవాడా అన్నది ఇంకో లెక్క. రెంటికీ మధ్యరకం కూడా ఉంది. అన్నీ కలిపితే తొమ్మిది గళ్ళు. మొదటి ఆదివారమంతా ఊరి జనాన్ని ఆ గళ్ళలో కూర్చోబెట్టడంతోనే సరిపోయింది.

"దలాల్ గుండయ్యను ఏ గడిల పెడ్తవ్‌రా?" అని అడిగింది గంగమ్మ.

"కట్టుబాటు, చెడు" అన్నాడు మదన్‌మోహన్. "పూజ ఒక్కనాడు తప్పడు. తూకం ఒక్కనాడు సరిగ ఉండదు."

"మరి నేను?"

"నువ్వు ఇష్టారాజ్యం, మంచి" అన్నాడు విరూపాక్ష.

"ఏంరో, ఈ ఇంట్ల నా ఇష్టం ఏనాడు సాగింది?" అని చేట టపటపా కొట్టింది గంగమ్మ.

భాగీరథి తన మనిషికి ఆలోచించకుండానే 'కట్టుబాటు, మంచి' అని రాసుకుంది. విరూపాక్ష ఏదో దొరసాని పేరు చెప్పబోతే, "మల్లవ్వ చాలు" అంది. మల్లవ్వ వ్రతం పట్టిన యోధురాలు. అబద్ధమాడదు, మాట తప్పదు. అందుకు ప్రతిఫలంగా ఆమె కత్తి చీకట్లో దీపంలా వెలుగుతుంది. కట్టుబాటు తప్పిన రోజున అది మామూలు ఇనుము. పోయిన వెలుగు మళ్ళీ రాదు. ఆ కత్తిని భాగీరథి ఇన్ని నెలలుగా కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చింది. రాక్షసుడితో కూడా అబద్ధమాడలేదు. మదన్‌మోహన్ దొంగ ఖజానా తాళం తీస్తుంటే గుమ్మం బయటే నిలబడింది.

మాఘమాసంలో ఒక ఆదివారం కథ బందిపోట్ల గుట్ట దగ్గరికి వచ్చింది. ఊరివాళ్ళను ఐదుగురిని గుడిసెలో కట్టేశారు. బందిపోట్ల నాయకుడు తన మనుషులందరి ముందూ మల్లవ్వను నిలదీశాడు. విరూపాక్ష మీసం లేని చోట మీసం దువ్వుకుంటూ, "నీ గుర్రం ఇయ్యి. ఒక్కన్ని ఇడుస్త. ఎక్కువ అడుగకు" అన్నాడు.

భాగీరథి లేచింది. కొయ్యకు వేలాడుతున్న మామగారి రుమాలు తీసుకుని, మరిది చేతిని తన చేతితో పట్టుకుని, రెండింటి మీదా కప్పింది.

పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆమె ఆ మేడ కిటికీలోంచి గంజ్‌ను చూస్తూనే ఉంది. అల్లం బస్తాల ముందు కొనేవాడూ అమ్మేవాడూ రుమాలు కింద చేతులు కలుపుతారు. పట్టుకున్న వేళ్ళే ధర. ఎదుటివాడు అరచెయ్యి నొక్కితే బేరం ఖాయం. చుట్టూ ఉన్నవాళ్ళ చెవుల కోసం పైకి వేరే మాట ఏదో అంటారు. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. పైకి అన్నది పట్టుకుని తగువుకు దిగినవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

"సరే, గుర్రం నీది. ఒక్కరు చాలు" అంది పైకి. రుమాలు కింద మాత్రం మరిది ఐదు వేళ్ళనూ కలిపి గట్టిగా పట్టుకుంది.

విరూపాక్ష పకపకా నవ్వి అరచెయ్యి నొక్కాడు. "ఖాయం! పో, గుడిసె కాడ కావలోడు ఒక్కడే ఉన్నడు."

"ఐదుగురినీ తీస్కొని వస్త" అంది భాగీరథి. "మీ నాయకుని మాట అని కావలోనికి చెప్త."

పాచిక దొర్లింది. కావలివాడు నమ్మాడు. ఐదుగురూ గుట్ట దిగారు. మదన్‌మోహన్ చప్పట్లు కొట్టాడు. విరూపాక్ష మాత్రం పెన్సిలు కింద పెట్టేశాడు.

"వదినె, మల్లవ్వ అబద్ధమాడింది. ఒక్కరు చాలన్నది, ఐదుగుర్ని పట్కపోయింది. కట్టుబాటు పోయినట్టే."

భాగీరథి ముఖం పాలిపోయింది. "ఒక్కరన్నది నీ మనుషులు వినేటందుకు. నీతో ఖాయం చేస్కున్నది ఐదుగురిని. నువ్వు నొక్కినవ్ గదా."

"నొక్కిన. నువ్వు తమాషకు చెయ్యి పట్టినవ్ అనుకున్న."

"గంజ్ మీద పుట్టి గిదేం మాటరా?" అంది గంగమ్మ.

"పుట్టింది ఈడనే అమ్మా, పెరిగింది హాస్టల్ల. నన్ను బస్తాల కాడికి ఎన్నడన్న పోనిచ్చిన్రా? చదువుకో పో అన్నరు."

అది నిజమే. పదేళ్ళు నిండకుండానే పంపేశారు. పెద్దకొడుకు, భాగీరథి భర్త జగన్‌మోహన్ దుకాణంలో కూర్చున్నాడు కనుక చిన్నవాడికి వేళ్ళ భాష నేర్పాలని ఎవరికీ తోచలేదు.

అంతలో మామగారు చెన్నబసప్ప చాయ్ కోసం మెట్లెక్కి వచ్చాడు. మదన్‌మోహన్ జరిగిందంతా ఆయనకు చెప్పాడు. రాక్షసుల సంగతి వదిలేసి బేరం సంగతి మాత్రం అప్పజెప్పాడు. ముసలాయన తలుపు దగ్గరే నిలబడి విన్నాడు.

"రుమాలు కింద చెయ్యి పెట్టి, నొక్కినంక, నాకు తెల్వదంటే ఎట్ల?" అన్నాడు. "ఐదే ఖాయం."

విరూపాక్ష రెండు చేతులూ పైకెత్తాడు. మొండివాడు కాడు. "సరే బాపూ, తప్పు నాదే. మల్లవ్వ కట్టుబాటు మీదనే ఉన్నది. కత్తి ఎలుగుతున్నది. ఇగ ఆడుదాం పా."

మదన్‌మోహన్ పాచికలు దగ్గరికి చేర్చాడు. గంగమ్మ మళ్ళీ పప్పులోకి వంగింది. భాగీరథి ఒక్కతే పాచిక ముట్టలేదు.

మామగారికి చాయ్ పోసి ఇస్తూ, నెమ్మదిగా అడిగింది. "మామా, ఎదుటాయనకు వేళ్ళ లెక్క తెల్వదని మనకు ముందే తెలిస్తే?"

చెన్నబసప్ప సాసర్లోకి వంపిన చాయ్ ఊదుతూ ఆగాడు. "తెలిస్తే రుమాలు తీసేయాలె. నోటితోటి అడగాలె. తెలిసి తెలిసి నొక్కించుకుంటే అది బేరం గాదు" అన్నాడు. కోడలి ముఖం వంక ఒక్క క్షణం చూసి, చాయ్ తాగి, కిందికి దిగిపోయాడు.

ఆమెకు తెలుసు. రుమాలు కింద అతని వేళ్ళు ఆమె పిడికిట్లో దూదిలా పడి ఉన్నాయి. బేరమాడేవాడి చెయ్యి అలా ఉండదు. బిగుస్తుంది, ఒక వేలు విడిపించుకుని తగ్గించమంటుంది. మరిదికి ఏమీ అర్థం కాలేదని అతను నవ్వకముందే ఆమెకు తెలిసింది. అయినా నొక్కేదాకా చెయ్యి వదల్లేదు. ఆ సంగతి గదిలో ఇంకెవరికీ తెలియదు. ఊరుకుంటే కత్తి తనదే.

రబ్బరు తీసుకుని మల్లవ్వ కాగితం ముందుకు లాక్కుంది.

"ఏం చేస్తున్నవ్ వదినె?"

"కట్టుబాటు తుడుస్తున్న. నీకు తెల్వదని నాకు తెలుసు."

"అరే! తీర్పు అయిపోయింది గదా" అన్నాడు విరూపాక్ష. ఆమె చెయ్యి ఆగకపోవడం చూసి ముందుకు వంగాడు. "జర ఇను. తెల్సింది నీకు. మల్లవ్వకు తెల్వది. బందిపోటోడు గట్టిగనే నొక్కిండు అనుకుందాం."

మదన్‌మోహన్ కూడా అందుకున్నాడు. "అవునక్కా, ఆట మనిషి వేరు, మనం వేరు. నేను బ్యాంకుల దొంగతనం చేస్తనా?"

"మల్లవ్వకు వేరే చెయ్యి లేదు" అంది భాగీరథి. "నా చెయ్యే. దానికి తెల్సింది."

రబ్బరు రెండుసార్లు తిరిగింది. కాగితం మీద మసక మరక మిగిలింది.

విరూపాక్ష ఆ మరక పక్కనున్న మాట మీద వేలు పెట్టాడు. "మరి మంచి? అది గూడ తుడుస్తవా?"

ఆమె చప్పున తలెత్తింది. "అదెందుకు తుడుస్త? నలుగురిని ఆ గుడిసెల ఇడిసిపెట్టి నా మాట నేను కాపాడుకోవాల్నా? రేపు మళ్ళ గట్లనే ఐతే, మళ్ళ గట్లనే చేస్త. కట్టుబాటు అనే పేరు మాత్రం పెట్టుకోను."

"గింత ఫికర్ ఎందుకే ఆటకు?" అంది గంగమ్మ. అంటూనే చేట పక్కన పెట్టి, ఏం జరుగుతుందో చూద్దామని కొంచెం దగ్గరికి జరిగింది.

విరూపాక్ష గొంతు సవరించుకున్నాడు. బందిపోటు గొంతు కాదు, కథ చెప్పే గొంతు. "గుట్ట దిగంగనే కత్తి ఎలుగు తగ్గుకుంట వచ్చింది. వాగు కాడికి చేరేసరికి మొత్తం ఆరిపోయింది. చీకటి. నీళ్ళ చప్పుడు ఇనొస్తున్నది గని, ఒడ్డు కనవడుతలేదు. గుర్రం లేదు. ఐదుగురు నీ ఎనక నిలవడ్డరు. ఏం చేస్తవ్ వదినె?"

భాగీరథి కళ్ళు ఒకసారి మూసుకుని తెరిచింది.

"ఆడోళ్ళను, పిల్లగాన్ని నడుమల పెడ్త" అంది, పాచిక అందుకుంటూ. "కత్తిని కట్టె లెక్క నీళ్ళల్ల గుచ్చుకుంట లోతు చూస్త. నేను ముందు దిగుత."