ముక్కలుగా చదివిన నవల

జూలైలో మొదటి ఆదివారం, భోజనాలయ్యాక, ఇంటిపెద్ద సీ షెద్లీ ఆ ఊరి మగాళ్ళ అలవాటు ప్రకారం చెవి వెనక మల్లెచెండు సర్దుకుని, వంటింట్లోంచి చేపలు కోసే కత్తి తెప్పించి, కొత్త నవల వీపు చీల్చాడు. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పిన మనిషి, పుస్తకమంటే ప్రాణం పెట్టే మనిషి ఇలాంటి పని చేస్తుంటే కొత్తవాళ్ళు నోరెళ్ళబెట్టాల్సిందే. కొత్త కోడలు హయాత్ అలాగే నోరెళ్ళబెట్టింది.

సముద్రపొడ్డు ఊరు మహదియాలో ఆ ఇంటి పద్ధతే అంత. ఇంటినిండా చదివేవాళ్ళు, పుస్తకమేమో ఒక్కటి. ఒకరు పూర్తిచేసి ఇంకొకరికిచ్చేసరికి వేసవి కాస్తా గడిచిపోతుంది. అందుకని పుస్తకాన్ని ఏడెనిమిది ముక్కలు చేసి, ఒకరి తర్వాత ఒకరు అందించుకుంటూ పోతారు. వేగంగా చదివేవాళ్ళు ముందు, నిదానస్తులు వెనక. అందరికంటే ముందు మనవరాలు రీమ్. పద్నాలుగేళ్ళ పిల్ల, పుస్తకం కనబడితే మింగేస్తుంది. తర్వాత రీమ్ తల్లి, ఇంటి ఆడపడుచు ఫౌజియా, ఆ తర్వాత సీ షెద్లీ, కొడుకు నజీబ్, నజీబ్ భార్య హయాత్, అందరికంటే చివర, ఇంటిపని ముగిశాకే పుస్తకం పట్టే అత్తగారు వసీలా.

ఆఖరి మనిషి ఆఖరి ముక్క ముగించేదాకా కథ గురించి ఎవరూ పెదవి విప్పకూడదు. ముగించిన సాయంత్రం మేడ మీద చాపలు పరిచి, సార్డీన్ చేపలు కాల్చుకుని, గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకుంటారు. మొదటి మాట మాత్రం ఆఖరున చదివినవాళ్ళది. ఆ ఇంట్లో పెద్ద పండగ అదే.

హయాత్ ఆ ఇంటికొచ్చి ఏడాది కాలేదు. చిన్నప్పుడే బడి మానేసి కుట్టు ఫ్యాక్టరీలో చేరిన అమ్మాయి. చదవడం వచ్చు. కాకపోతే వరస కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, తడుముకుంటూ చదువుతుంది. ఇంట్లో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. బాధల్లా అదే. భార్య మీద, కూతురి మీద, చివరికి వీధిలో చేపలమ్మేవాడి మీద కూడా అరిచే సీ షెద్లీ, హయాత్ దగ్గరికొచ్చేసరికి "కూర్చో అమ్మా, నీకెందుకమ్మా శ్రమ" అనేవాడు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకు చేసే మర్యాద అది. ఈ వేసవిలో మేడ మీద తనూ ఒక మాట అనాలని, ఆ మాటకు ఎవరో ఒకరు తనతో పోట్లాడాలని హయాత్ గట్టిగా కోరుకుంది.

కోరిక బాగానే ఉంది గానీ, చదువు సాగొద్దూ? మొదటి ముక్కలో సగానికి రాకముందే రెండోది వచ్చిపడింది. వేసవి కాబట్టి నజీబ్ ఆఫీసు రెండింటికల్లా మూసేస్తారు. ఇంటికొచ్చి పుచ్చకాయ ముక్కలు కొరుక్కుంటూ ఫ్యాను కింద పడుకున్నాడంటే సాయంత్రానికి ఒక ముక్క అయిపోయేది. "ఇదిగో, ఇది భలే ఉంటుంది," అని నవ్వుతూ ఆమె దిండు పక్కన పెట్టేవాడు. మొదటి ముక్క ఎలాగో ముగించి ఇచ్చేసరికి దిండు పక్కన కుప్ప పెరిగింది.

"రైలు గేటు పడ్డట్టుందే! బళ్ళన్నీ ఆగిపోయాయి," అంది ఫౌజియా ఒకరోజు ఎండుమిరపకాయల హరీసా ముద్ద నూరుతూ. ఊరికే సరదాకి అన్నమాటే. హయాత్‌కు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు పొద్దున రెండో ముక్క తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. "అయిపోయింది అత్తమ్మా." ఒక్క పేజీ తిప్పితే ఒట్టు. ఆ తర్వాత మూడోది, నాలుగోది, అన్నీ అలాగే. ప్రతిసారీ తేలు కుట్టిన దొంగలా నిలబడేది. వసీలా ఆ కాగితాల్ని అటూ ఇటూ తిప్పి చూసేది. నజీబ్ చదివిన చోట కాఫీ మరక, సీ షెద్లీ చదివిన చోట పెన్సిల్ గీతలు, మొదటి ముక్క అంచుల్లో హయాత్ వేలి చెమట మరకలు కూడా ఉన్నాయి. మిగతావాటిలో ఆ వేలి జాడే లేదు. ఆవిడ "సరేనమ్మా" అని తీసుకుని ఊరుకునేది.

ఆగస్టు సగమైంది. అందరూ ముగించారు, వసీలా తప్ప. రీమ్‌కు అసలే నోట్లో నువ్వుగింజ నానదు. ఆ పిల్లకు పైకి చెప్పలేక కడుపుబ్బరం పట్టుకుంది.

"అమ్మమ్మా, కనీసం అన్న తిరిగొచ్చే చోటుకైనా... అయ్యో, నేనేం చెప్పలేదు!"

"ఏంటమ్మా ఈ నత్తనడక? పోయినేడు ఇంతకాలం పట్టలేదుగా?" అంది ఫౌజియా.

"పోయినేటి కళ్ళు పోయినేడే పోయాయే. అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

"ఇంకో వారం చూస్తా," అన్నాడు సీ షెద్లీ. "తర్వాత గోడలతోనైనా వాదించుకుంటా."

"వాదించుకోండి. గోడలు ఎదురు చెప్పవు, ఎలాగూ మీరే గెలుస్తారు."

ఇలా రోజూ అందరి చేతా మాటలు పడుతూ, వాళ్ళని ఆటపట్టిస్తూ వసీలా రోజులు నెట్టుకొచ్చింది. గోధుమరవ్వతో ఏడాదికి సరిపడా కుస్‌కుస్ చేసి ఎండబెట్టుకునే రోజులొచ్చాయి. అప్పుడు అంది, "హయాత్, నా చేతులకి పిండి, కళ్ళకి మబ్బు. నువ్వు చదివిపెట్టు, నేను వింటా. రెండో ముక్క నుంచి మొదలెట్టు, అప్పుడే అంతా మర్చిపోయా."

హయాత్ గుమ్మం వైపు చూసింది. "అందరి ముందా అత్తమ్మా?"

"అందరూ ఎందుకు? ఏయ్, మీరంతా సముద్రానికి పొండి. మీ మొహాలు చూస్తుంటేనే కథ తెలిసిపోతోంది."

ఇంట్లో అత్తాకోడళ్ళే మిగిలారు. వసీలా పెద్ద పళ్ళెంలో రవ్వ మీద నీళ్ళు చిలకరించి అరచేత్తో తిప్పుతోంది. పక్కన హయాత్ చదువుతోంది. మొదటిరోజు ప్రతి వరసలోనూ తడబడింది. వసీలా ఎక్కడా దిద్దలేదు. హయాత్ ఒక మాట దగ్గర ఆగితే ఆవిడ చెయ్యీ ఆగేది. మాట బయటికొచ్చాక చెయ్యి మళ్ళీ తిరిగేది. రోజులు గడిచేకొద్దీ వేలి సంగతి మర్చిపోయింది హయాత్. తండ్రి పడవను దొంగచాటుగా అమ్ముకుని పారిపోయిన అన్న, ఒంటరిగా వలలల్లి బతికిన చెల్లెలు, వాళ్ళ ఊరు, వాళ్ళ ఉప్పుగాలి ఆమెను లాక్కుపోయాయి. "దుర్మార్గుడు!" అని ఒకసారి పైకే అనేసి నాలిక్కరుచుకుంది. వసీలా జల్లెడ పక్కనపెట్టి నవ్వింది.

ఆఖరి ముక్కలో వానలో ఎవరో తలుపు తడతారు. హయాత్ ఆ వరస చదువుతూ తలెత్తింది. అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అప్పుడే రుమాలు కూడా తీసుకుంది. తడుతున్నది ఎవరో పుస్తకం ఇంకా చెప్పలేదు.

"అత్తమ్మా! మీరు ఇది ముందే చదివేశారు."

"చదివితే? రెండోసారి వినకూడదా?"

"ఎప్పుడు చదివారు?"

"నువ్వు తెచ్చిచ్చిన రోజే."

"మరి ఇన్నాళ్ళూ అందరి చేతా అన్ని మాటలు ఎందుకు పడ్డారు?"

"పడితే ఏమైంది, ఒళ్ళేమన్నా అరిగిందా?" వసీలా రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "మేడ మీద మేమంతా అరుచుకుంటుంటే నువ్వొక మూల పళ్ళేలు సర్దుకుంటూ కూర్చుంటావు. అది చూస్తూ నాకు ముద్ద దిగదే, హయాత్. నువ్వు ఈ ఇంటి పిల్లవి." హయాత్ ఏడవబోయింది. "ఏడుపు తర్వాత. ఇంకా నాలుగు పేజీలున్నాయి, చదువు."

ఆ శనివారం సాయంత్రం మేడ మీద చాపలు పరిచారు. సార్డీన్ల పొగకు చుట్టుపక్కల పిల్లులన్నీ గోడెక్కాయి. సీ షెద్లీ చేతులు రుద్దుకున్నాడు. "హమ్మయ్య! కానియ్ వసీలా, మొదటి మాట నీది."

వసీలా నోరు తెరిచేలోపు హయాత్ అందుకుంది. "కాదు మామయ్యా. ఆఖరున చదివింది నేను. చదవకుండానే అయిపోయిందని ఇచ్చేశా. అత్తమ్మ ఎప్పుడో ముగించారు, నా కోసమే ఆగారు."

నజీబ్ భార్య వైపు చూస్తుండిపోయాడు. రైలు గేటు మాట గుర్తొచ్చి ఫౌజియా తలొంచుకుంది.

"అయితే మొదటి మాట హయాత్ అత్తయ్యదే!" అని రీమ్ అరిచింది. "తొందరగా చెప్పు, నా కడుపు పగిలిపోతోంది."

హయాత్ చేతిలో రొట్టెముక్క నలిగిపోయింది. "ఆ పిల్ల తలుపు తీయకపోవడమే మంచిదైంది," అంది.

సీ షెద్లీ మోకాళ్ళ మీద లేచాడు. "ఏంటీ? మంచిదైందా? తోడబుట్టినవాడు వానలో నిలబడి వణుకుతుంటే తలుపు తీయకపోవడం మంచిదా? నీకేమన్నా బుర్రుందా, పిల్లా? అసలు ఆఖరి ముక్క కళ్ళు తెరిచే చదివావా?"

ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించింది. నజీబ్ కంగారుగా తండ్రి చెయ్యి పట్టుకోబోతే వసీలా కొడుకు మోకాలి మీద కొట్టి ఆపింది. పెళ్ళయ్యాక మామగారు హయాత్ మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. ఆ పిల్లకు ఎంత సంతోషం వేసిందంటే, ఆయన మాట పూర్తి కాకుండానే ఇంకా పెద్ద గొంతుతో అడ్డుపడింది.